ఓ మోస్తరు నొప్పికి ఒక చిన్న చీటీ

పెద్ద ఆపరేషన్ చేసిన డాక్టరు పనితనాన్ని నలుగురూ చెప్పుకుంటారు. కాలు బెణికిన కుర్రాడికి రాసిచ్చిన మందుల చీటీని మాత్రం దుకాణందారు తప్ప ఎవరూ చదవరు. మాత్రలు చేతికి రాగానే అది జేబులో నలిగిపోతుంది. బాగా రాసిన చీటీలో ప్రతి వరుస వెనకా ఒక ప్రశ్నో, ఒక పరీక్షో, ఒక లెక్కో ఉంటుంది. ఏం రాశారన్నదే కాదు, ఏం రాయకుండా వదిలేశారన్నదీ ఆలోచించి చేసిన పనే. అలాంటి చీటీని ఒకదాన్ని తీసుకుని, గడియారం విప్పినట్టు భాగాలు విడదీసి చూద్దాం.

జహీరాబాద్ లాంటి ఊళ్లో ఇలాంటి చీటీలకు కొదవలేదు. హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే హైవే మీది ఊరు. 2013లో మొదలైన మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, చుట్టూ చెరకు, అల్లం పండే పొలాలు, రాత్రీ పగలూ తిరిగే లారీలు, బైకులు. ఇరవైల్లో ఉన్న ఒళ్లు ఎన్ని రకాలుగా దెబ్బతినాలో అన్ని రకాలుగానూ ఇక్కడ దెబ్బతింటుంది. బరువెత్తితే నడుం పట్టేస్తుంది, గుంతలో కాలు పడితే చీలమండ తిరుగుతుంది, జ్ఞానదంతం పీకించుకుంటే దవడ సలుపుతుంది, నెలనెలా ఆడపిల్లలకు పొత్తికడుపు నొస్తుంది. ఇవేవీ ప్రాణం మీదికి తెచ్చేవి కావు. అలాగని పళ్ల బిగువున ఓర్చుకుని పనికి పోగలిగేవీ కావు. ఈ మధ్య మెట్టు మీద ఉన్న నొప్పికి మందు ఎంచడం పైకి కనిపించేంత తేలిక కాదు.

ఊళ్లో ఎప్పుడూ కనిపించే కేసునే తీసుకుందాం. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. ఫ్యాక్టరీలో షిఫ్టు పని. ఆదివారం సాయంత్రం క్రికెట్ ఆడుతూ బంతి వెంట పరుగెత్తితే కుడికాలు లోపలికి మడతపడింది. రాత్రికి వాచింది. సోమవారం పొద్దున కుంటుకుంటూ సర్కారు దవాఖాన ఓపీకి వచ్చాడు. అతనికి రాయదగ్గ మంచి చీటీ దాదాపు ఇలా ఉంటుంది. మొదటి వరుసలో చల్లటి కాపడం, క్రేప్ బ్యాండేజీ, కాలు ఎత్తులో పెట్టుకోవడం. రెండో వరుసలో డైక్లోఫెనాక్ జెల్, వాపు మీద రోజుకు నాలుగుసార్లు. మూడో వరుసలో పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి, రోజుకు మూడుసార్లు. నాలుగో వరుసలో ఒక షరతు: దీనితో తగ్గకపోతే జెల్ ఆపేసి ఐబూప్రొఫెన్ 400, తిన్నాక, రోజుకు మూడుసార్లు, మూడు రోజులకు మించకుండా. చివర కాలికి చేయాల్సిన కసరత్తు, మళ్లీ ఎప్పుడు రావాలన్నది. అంతే.

ఈ వరుసల కంటే ముందు జరిగేది మాటలు.

"ఎంత నొస్తుంది తమ్మీ? అసలు లేకుంటే సున్నా, ఓర్వలేకుంటే పది. ఎంతంటవు?"

"ఆరుంటది సార్."

సున్నా నుంచి పది దాకా ఉన్న ఈ కొలతలో నాలుగు నుంచి ఆరు వరకు మధ్యస్థం. తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ కలగలిసి వినిపించే ఊళ్లో అంకె అందరికీ అర్థమవుతుంది. అయితే అంకె ఒక్కటే చాలదు. ఒకరి ఆరు మరొకరికి మూడు కావచ్చు. అందుకే వెంటనే రెండో ప్రశ్న: రాత్రి నిద్ర పట్టిందా, మెట్లు ఎక్కగలుగుతున్నావా, రేపు షిఫ్టుకు పోగలవా? ఆరు అన్నవాడు నిద్రపోయి, నిలబడి స్నానం చేసి వచ్చాడంటే ఒక చీటీ. అయిదు అన్నవాడు రాత్రంతా కూర్చునే గడిపాడంటే ఇంకో చీటీ. మందు అంకెను తగ్గించడానికే కాదు, ఆగిపోయిన పనిని తిరిగి నడిపించడానికి. ఆ పని ఏదో తెలిస్తేనే రేపు మందు పనిచేసిందో లేదో చెప్పగలం.

తర్వాతి ప్రశ్నలు పైకి నొప్పితో సంబంధం లేనట్టు ఉంటాయి. కడుపులో ఎప్పుడైనా పుండు అయిందా? ఉబ్బసం ఉందా? కిడ్నీ జబ్బు? జ్వరం? కల్లుగానీ మందుగానీ ఎంత తాగుతావు? ఇంతకుముందే ఏదైనా గోలీ వేసుకున్నావా? ఈ చివరి ప్రశ్నకు చాలాసార్లు "మెడికల్ షాపుల అడిగితే ఒకటిచ్చిండు సార్, ఎర్రగుంది" అన్న జవాబే వస్తుంది. ఓపికున్న డాక్టరు అక్కడ ఆగి, జేబులో స్ట్రిప్పు ఉందేమో తీయమంటాడు. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదువుతాడు. మన దేశంలో నొప్పి మాత్రలు చాలావరకు జంట మందులు. ఎసిక్లోఫెనాక్‌తో పారాసిటమాల్, ఐబూప్రొఫెన్‌తో పారాసిటమాల్. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాలే. పేర్లు నాలుగు, లోపల మందు ఒక్కటే. ఆ ఎర్ర మాత్రలో ఏముందో తెలియకుండా కొత్తది రాస్తే ఒకే మందు రెండింతలు పడుతుంది.

ఇక చేతులతో చేసే పరీక్ష. నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునే భాగం ఇదే.

కాలు మడతపడిన ప్రతివాడికీ ఎక్స్‌రే తీయాలా? తీస్తే చాలామందికి ఏమీ కనిపించదు. తీయకపోతే విరిగిన ఎముక ఎక్కడో తప్పిపోవచ్చు. ఈ చిక్కును 1992లో కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్ అనే డాక్టరు, ఆయన బృందం వేళ్లతో విప్పారు. చీలమండకు రెండు వైపులా ఉబ్బెత్తుగా కనిపించే ఎముకలు ఉంటాయి. బయటి ఎముక కొన మీదా, దాని వెనక అంచు వెంట ఆరు సెంటీమీటర్ల మేరా బొటనవేలితో నొక్కాలి. లోపలి ఎముకకూ అంతే. పాదం బయటి అంచున, చిటికెనవేలి వైపు నడిమధ్యలో చేతికి తగిలే ఎముక మొదలు ఒకటి, పాదం లోపలి వైపు వంపు పైన ఉండే పడవ ఆకారపు చిన్న ఎముక ఇంకొకటి. మొత్తం నాలుగు చోట్లు. తర్వాత నాలుగడుగులు నడిపించాలి. దెబ్బ తగిలిన వెంటనే గానీ, ఇప్పుడు గానీ నాలుగడుగులు వేయగలిగి, ఆ నాలుగు చోట్లా ఎముక నొక్కితే నొప్పి లేకపోతే ఎక్స్‌రే అక్కర్లేదు.

ఇందులో నేర్పంతా "వెనక అంచు" అన్న మాటలో ఉంది. కాలు లోపలికి మడతపడితే తెగేదీ సాగేదీ ఎక్కువగా బయటి ఎముకకు ముందువైపున్న లిగమెంటు. ముందు నొక్కితే ప్రతివాడూ "అబ్బా" అంటాడు. దానితో ఎముక సంగతి తేలదు. లిగమెంటు నొప్పి అడ్డురాని వెనక అంచున నొక్కితే, అక్కడ నొస్తే ఎముకనే అనుమానించాలి. రెండు నొప్పులు పక్కపక్కనే ఉన్నా, వేలు ఒక అంగుళం జరిపి వాటిని విడదీశారు. ఖర్చులేని, కరెంటు అక్కర్లేని పరికరం. మన కుర్రాడు కుంటుతూనే నాలుగడుగులు వేశాడు, ముందువైపు తప్ప ఎక్కడా ఎముక నొప్పి లేదు. బెణుకే. ఇక కలం పట్టవచ్చు.

జెల్ నుంచి మొదలుపెడదాం. చాలామంది దాన్ని చీటీలో అలంకారం అనుకుంటారు. నిజానికి నడుం కాక మిగతాచోట్ల కండరాలకో కీళ్లకో కొత్తగా తగిలిన దెబ్బకు ముందుగా పైపూత నొప్పి మందునే వాడమని 2020లో అమెరికా వైద్యుల సంఘాలు రెండు కలిసి సిఫారసు చేశాయి. డైక్లోఫెనాక్ మాత్ర మింగితే ఒళ్లంతా తిరిగి చీలమండకు చేరుతుంది. జెల్‌గా పూస్తే చర్మం కింది కణజాలంలో నిలుస్తుంది. రక్తంలోకి వెళ్లేది మాత్రతో పోలిస్తే సుమారు ఆరు శాతమే. చీలమండలో నొప్పి ఉన్న చోటు చర్మానికి దగ్గర. తుంటి నొప్పికి ఇదే జెల్ అంతగా అందదు. అంటే ఈ వరుసను రాయించింది నొప్పి ఎంత ఉందన్నది కాదు, ఎంత లోతున ఉందన్నది.

పారాసిటమాల్ అందరికీ తెలిసిన మందే కాబట్టి దాని పనితనం ఎవరికీ కనిపించదు. జహీరాబాద్ ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే బొంతపల్లిలో గ్రాన్యూల్స్ ఇండియా ఫ్యాక్టరీ ఈ మందును తయారుచేసి దేశదేశాలకు పంపుతోంది. పారా అమినోఫినాల్ అనే పదార్థాన్ని ఎసిటిక్ యాన్‌హైడ్రైడ్‌తో కలిపితే పారాసిటమాల్ స్ఫటికాలు వస్తాయి. కడిగి, వడగట్టి, ఆరబెడతారు. కథ అక్కడితో అయిపోదు. ఈ స్ఫటికాలకు ఒక మొండి గుణం ఉంది. ఎంత ఒత్తిడి పెట్టి అచ్చులో నొక్కినా సరిగ్గా అతుక్కోవు. మాత్ర పైపొర టోపీలా ఊడివస్తుంది. అందుకే పొడిని పిండి పదార్థం లాంటి బంధకంతో తడిపి, రవ్వలా చేసి, ఆరబెట్టి, అప్పుడు నొక్కుతారు. ఆ రవ్వలను ఇంగ్లీషులో గ్రాన్యూల్స్ అంటారు. కంపెనీ పేరు అక్కడిదే. నొక్కడానికి సిద్ధంగా ఉన్న రవ్వనే మాత్రలు చేసుకునేవాళ్లకు అమ్మడం ఆ కంపెనీ ఎంచుకున్న దారుల్లో ఒకటి. దవాఖానలో చిన్న కాగితం పొట్లంలో పడే ఆ తెల్ల మాత్ర చేతిలో పొడి కాకుండా, కడుపులో మాత్రం నిమిషాల్లో విడిపోయేలా ఉందంటే, ఆ రెండు ఎదురెదురు గుణాలను రవ్వలోనే సమకూర్చారన్నమాట.

ఆ మాత్ర ఎక్కువగా మెదడు, వెన్నుపాముల్లో పనిచేస్తుంది. కడుపును, కిడ్నీని దాదాపు తాకదు. రక్తాన్ని పలచబరచదు. దాని ప్రమాదం ఒకేచోట, కాలేయంలో. మింగిన మందులో కొద్దిభాగం అక్కడ విషపదార్థంగా మారుతుంది. గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం దాన్ని వెంటనే పట్టేసి బయటికి పంపుతుంది. మోతాదు మించితే గ్లూటాథయోన్ నిల్వ అయిపోతుంది, మిగిలిన విషం కాలేయ కణాలను చంపుతుంది. పెద్దవాళ్లకు రోజుకు నాలుగు గ్రాములు దాటకూడదన్న గీత ఆ నిల్వను బట్టి గీసినదే. మన చీటీలో రోజుకు మూడు గ్రాములే ఉంది. ఎర్ర గోలీ లాంటిది ఇంకోటి పొరపాటున పడినా గీత దాటకుండా కొంత జాగా వదిలారు. బరువు యాభై కిలోల లోపున్నవాళ్లకు, రోజూ తాగేవాళ్లకు, తిండి సరిగ్గా లేనివాళ్లకు ఆ నిల్వే తక్కువ, కాబట్టి మోతాదు ఇంకా తగ్గుతుంది. తాగుడు గురించి ఇందాక అడిగింది మందలించడానికి కాదు, ఈ లెక్క కోసం.

ఐబూప్రొఫెన్‌ది వేరే దారి. 1960లలో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో బూట్స్ కంపెనీ శాస్త్రవేత్త స్టూవర్ట్ ఆడమ్స్ బృందం దీన్ని కనిపెట్టింది. 1969లో అక్కడ మందుగా వచ్చింది. అది ఎలా పనిచేస్తుందో తెలియడానికి 1971 దాకా ఆగాల్సి వచ్చింది. కణం దెబ్బతిన్నప్పుడు దాని పొరలోంచి ఒక కొవ్వు ఆమ్లం విడుదలవుతుంది. కాక్స్ అనే ఎంజైము దాన్ని పట్టి ప్రోస్టాగ్లాండిన్లుగా మారుస్తుంది. అవి నరాల చివరలను సున్నితం చేస్తాయి. మామూలుగా నొప్పి అనిపించని తాకిడి కూడా అప్పుడు నొస్తుంది. బెణికిన కాలి మీద దుప్పటి పడినా జివ్వుమనేది అందుకే. ఆస్పిరిన్ జాతి మందులు ఈ ఎంజైమునే ఆపుతున్నాయని జాన్ వేన్ నిరూపించి, 1982లో నోబెల్ అందుకున్నారు. 1994లో ఎంజైము ఆకారం బయటపడింది. అందులో పొడవాటి సన్నని సొరంగం ఒకటి ఉంది. కొవ్వు ఆమ్లం ఆ సొరంగంలోంచే లోపలికి వెళ్లాలి. ఐబూప్రొఫెన్ అణువు సరిగ్గా ఆ సొరంగంలో చేరి దారి మూసేస్తుంది. ఆస్పిరిన్ లోపలి గోడకు శాశ్వతంగా అతుక్కుపోతుంది. ఐబూప్రొఫెన్ కొన్ని గంటలు కూర్చుని లేచిపోతుంది. రోజుకు మూడుసార్లు వేసుకోవాల్సింది అందుకే.

చిక్కేమిటంటే, ప్రోస్టాగ్లాండిన్లు నొప్పినే కాదు, కడుపు లోపలి పొరకు కాపలానూ ఇస్తాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి వెళ్లే రక్తనాళం మూసుకుపోకుండా పట్టి ఉంచుతాయి. మంచినీ చెడునీ ఒకే సొరంగంలో ఆపుతున్నాం. "తిన్నాక", "మూడు రోజులు" అని చీటీలో ఉన్న రెండు మాటలూ ఈ చిక్కు గురించే. 400 అన్న అంకె కూడా ఊరికే వేసింది కాదు. న్యూయార్క్‌లో 225 మందిపై చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. 400, 600, 800 మిల్లీగ్రాముల మోతాదులను పక్కపక్కన పెట్టి చూస్తే గంట తర్వాత నొప్పి తగ్గుదలలో తేడా లేదు. పైకి వెళ్లినకొద్దీ పెరిగేది కడుపుకూ కిడ్నీకీ ముప్పే.

పారాసిటమాల్‌నూ ఐబూప్రొఫెన్‌నూ కలిపి వాడవచ్చన్న ధైర్యం ఎక్కడినుంచి వచ్చింది? ఇరవైల్లో ఉన్నవాళ్ల దవడల్లోంచి. 1976లో కూపర్, బీవర్ అనే ఇద్దరు పరిశోధకులు జ్ఞానదంతాల ఆపరేషన్‌ను నొప్పి మందుల తూకానికి వాడే పద్ధతిని ప్రచురించారు. ఎందుకంత బాగా కుదిరిందో చూడండి. జ్ఞానదంతాలు తీయించుకునేవాళ్లు ఎక్కువమంది ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులు. వేరే జబ్బులు, వేరే మందులు ఉండవు. గాయం అందరికీ ఒకేలాంటిది. మత్తు దిగి నొప్పి మధ్యస్థానికి చేరేదాకా ఆగుతారు. అప్పుడు మందు మాత్రో, మందులేని ఖాళీ మాత్రో ఇస్తారు. ఏది ఇచ్చారో ఇచ్చినవాడికీ తెలియదు, మింగినవాడికీ తెలియదు. ఆ తర్వాత గంటగంటకూ నొప్పి ఎంతుందో రాయిస్తారు. ఓర్వలేనివాళ్లకు వెంటనే వేరే మందు ఇస్తారు. ఎంతసేపటికి అడిగారన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

ఇలాంటి ప్రయోగాలను కాక్రన్ సంస్థ కలిపి చూసింది. ఖాళీ మాత్రతో పోలిస్తే అదనంగా ఒకరికి నొప్పి సగమైనా తగ్గాలంటే ఎంతమందికి మందు ఇవ్వాలన్నది దాని కొలమానం. పారాసిటమాల్ 1000 మిల్లీగ్రాములైతే 3.6 మందికి. ఐబూప్రొఫెన్ 400 అయితే 2.5 మందికి. రెండూ కలిపితే 1.5 మందికి. రెండు మందులు రెండు వేర్వేరు చోట్ల పనిచేస్తూ, ఒకదాని ప్రమాదాన్ని ఇంకొకటి పెద్దగా పెంచకుండా, లాభాన్ని మాత్రం కలుపుకుంటున్నాయి. 2017లో ఇంకో గట్టి పరీక్ష వచ్చింది. కాలికో చేతికో దెబ్బ తగిలి న్యూయార్క్‌లో ఎమర్జెన్సీకి వచ్చిన 416 మందిలో కొందరికి ఈ జంటనూ, మిగతావాళ్లకు నల్లమందు జాతి మందులు కలిసిన మాత్రలనూ ఇచ్చారు. రెండు గంటల తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మన బొంతపల్లి మందుకు తోడు ఒక పాత బూట్స్ మందు ఆ బలమైన మాత్రల పక్కన నిలబడింది.

అందుకే చీటీలో ట్రమడాల్ లేదు. దాన్ని రాయడం ఒక నిమిషం పని. కానీ అది తల తిప్పుతుంది, వాంతులు తెప్పిస్తుంది, మూర్ఛ ఉన్నవాళ్లకు ఫిట్స్ రప్పించగలదు, అలవాటుగా మారుతుంది. 2018లో కేంద్రం దాన్ని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చింది. కండరాలు సడలించే మందూ లేదు. మన కుర్రాడు బైకు మీద హైవే దాటి షిఫ్టుకు పోవాలి, అక్కడ తిరిగే యంత్రాల పక్కన నిలబడాలి. నిద్ర తెచ్చే మందు అతని చీలమండను కాపాడి చేతిని ప్రమాదంలో పెట్టవచ్చు. ఎనిమిది గంటలకొకసారి మాత్ర వేసుకోవడం కుదరని నైట్ షిఫ్టు అయితే ఐబూప్రొఫెన్ బదులు పన్నెండు గంటలు పనిచేసే నాప్రోక్సెన్‌ను రాయడం తెలివైన మార్పు.

సూది కూడా లేదు. మన పల్లెల్లో సూది పడితేనే వైద్యం జరిగినట్టు లెక్క. మాత్ర మింగగలిగినవాడికి, వాంతులు లేనివాడికి నోటి మందు చాలు. పిరుదులో తప్పుచోట గుచ్చిన సూది నరాన్ని దెబ్బతీసి కాలు ఈడ్చేలా చేసిన సందర్భాలు వైద్యానికి కొత్త కాదు. "సూది వద్దా సార్?" అని అడిగినవాడికి విసుక్కోకుండా రెండు ముక్కల్లో ఇది చెప్పగలగడం కూడా ఈ చీటీలో భాగమే.

ఇప్పుడు కాలు అలాగే ఉంచి మనిషిని మార్చి చూడండి, చీటీ ఎలా మారుతుందో. ఎండలో పొద్దంతా చెరకు నరికి, నీళ్లు సరిగ్గా తాగక, మూత్రం ముదురు రంగులో పోస్తున్నాననే యువకుడికి ఐబూప్రొఫెన్ వరుస కొట్టేయాలి. ఎండిన ఒంట్లో కిడ్నీ రక్తనాళాన్ని తెరిచి ఉంచుతున్నది ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అతనికి ముందు నీళ్లు, ఉప్పు, నీడ, ఆ తర్వాతే పారాసిటమాల్. వానకాలంలో జ్వరంతో ఒళ్లునొప్పులని వస్తే డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే. ఆస్పిరిన్ జాతి మందులు ప్లేట్‌లెట్ల పనిని అడ్డుకుంటాయి, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి ఇదే జాతి మందుతో ఊపిరి బిగుసుకుంటుంది. మంట పుట్టినట్టు, సూదులు గుచ్చినట్టు, నడుం నుంచి కాలి కిందిదాకా పాకే నొప్పి అయితే అది నరం నొప్పి. దానికి ఈ చీటీలోని మందులేవీ సరిపోవు, వేరే జాతి మందులు కావాలి. ఉత్త నడుం పట్టుకైతే పారాసిటమాల్ ఒక్కటే ఇస్తే లాభం లేదని ఆస్ట్రేలియాలో 1,600 మందికి పైగా రోగులపై జరిగిన పరీక్ష 2014లో చెప్పింది. ఆ నొప్పికి మంచం దిగి మెల్లగా తిరగడమే మొదటి మందు.

నెలసరి నొప్పిది ప్రత్యేకమైన స్థానం. గర్భసంచి పొరే ప్రోస్టాగ్లాండిన్లను వదులుతుంది, వాటివల్లే కండరం మెలిపెడుతుంది. కాబట్టి ఇక్కడ ఐబూప్రొఫెన్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటివి నొప్పిని కప్పిపుచ్చడం కాదు, పుట్టే చోటే ఆపుతాయి. ముదిరాక కాకుండా మొదలవుతుండగానే వేసుకుంటే పని ఎక్కువ. గర్భం ఉందేమో అని అడగకుండా ఈ వరుస రాయకూడదు. ఈ మందుల్లో దేనితోనైనా ఒంటిమీద దద్దుర్లు, జ్వరం వస్తే వెంటనే ఆపి చూపించుకోవాలి; మెఫెనమిక్ యాసిడ్ గురించి 2023 చివర్లో భారత ఫార్మకోపియా కమిషన్ అలాంటి హెచ్చరికే చేసింది. పొత్తికడుపు మీద వేడినీళ్ల సంచీ పెట్టడాన్ని అమ్మమ్మల వైద్యమని తోసెయ్యనక్కర్లేదు, వేడి ఈ నొప్పిని తగ్గిస్తుందని పరీక్షల్లోనూ తేలింది. నెలనెలా బడో పనో మానేయించేంత నొప్పి అయితే మాత్రలతో సరిపెట్టకుండా స్త్రీల డాక్టరుకు చూపించాలి.

మళ్లీ మన కుర్రాడి కాలి దగ్గరికి, చీటీలో మొదటి వరుసకు వద్దాం. మందుల కంటే ముందు దాన్ని రాయడం బాగుంది. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను, ఇరవై నిమిషాలు. అంతకు మించి పెడితే చర్మం దెబ్బతింటుంది. క్రేప్ బ్యాండేజీ కాలివేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి, చీలమండ చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ. కింద కాస్త బిగువు, పైకి వచ్చేకొద్దీ వదులు, వాపు నీరు పైకి మళ్లేలా. వేళ్లు మాత్రం బయటికి కనిపించాలి. అవి నీలంగా మారినా, తిమ్మిరెక్కినా విప్పి మళ్లీ కట్టాలి. మొదటి రోజుల్లో గట్టిగా మాలిష్ చేయించడం కొత్తగా తెగిన చోటును మళ్లీ తెంపడమే.

మెల్లగా నిమిరితే మాత్రం హాయిగా ఎందుకుంటుందో 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వివరించారు. వెన్నుపాములో నొప్పి సంకేతాలు పైకి వెళ్లే చోట ఒక ద్వారం లాంటి ఏర్పాటు ఉంటుందని, స్పర్శను మోసే లావుపాటి నరాలు చురుగ్గా ఉంటే ఆ ద్వారం కొంత మూసుకుంటుందని వాళ్ల సిద్ధాంతం. బామ్ రాసుకుంటే వచ్చే చల్లదనానికీ ఇప్పుడు చిరునామా దొరికింది. మెంథాల్ తాకే గ్రాహకం నిజమైన చలిని పసిగట్టేదే. మిరపకాయ మంటను, మెంథాల్ చల్లదనాన్ని నరాలు ఎలా గుర్తిస్తాయో తేల్చినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది, స్పర్శ గ్రాహకాలను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి. తెలుగువాడైన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టేనాటికి ఈ గ్రాహకాల ఊసే లేదు. చేత్తో రుద్దడం ఒక పని, చల్లదనం ఇంకో పని. రెండూ ఆ చిన్న సీసాలో కుదిరాయి.

కసరత్తు వరుస చిన్నదే, కానీ కాలు ముందు ముందు ఎలా ఉంటుందో నిర్ణయించేది అదే. నొప్పి కాస్త తగ్గగానే కూర్చుని, కాలు గాలిలో పెట్టి, బొటనవేలితో అ ఆ లు రాయాలి. అక్షరాల వంపులు చీలమండను అన్ని దిక్కులా తిప్పుతాయి. తర్వాత గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం. లిగమెంటుతో పాటు కీలు ఏ వంపులో ఉందో మెదడుకు చెప్పే నరాల చివరలూ దెబ్బతింటాయి. వాటికి మళ్లీ పని నేర్పకపోతే అదే కాలు మళ్లీ మళ్లీ మడతపడుతుంది. నొప్పి మాత్ర అసలు ఉపయోగం ఇక్కడే. కుర్రాడిని పడుకోబెట్టడానికి కాదు, లేచి కదిలేలా చేయడానికి ఇచ్చింది.

చివరి వరుసలో మూడు రోజులన్న గడువు, తిరిగి రావాల్సిన గుర్తులు. నొప్పి తగ్గకపోగా పెరిగితే, అడుగు మోపలేకపోతే, పిక్క వాచి నొస్తే, మలం నల్లగా పోతే, మూత్రం బాగా తగ్గితే వెంటనే రమ్మని. గడువు రాయని నొప్పి మందు వాడుక ఎక్కడ ఆగుతుందో తెలియదు. తలనొప్పికి నెలలో పదిహేను రోజులకు పైగా, మూడు నెలలు దాటి మాత్రలు వేసుకుంటూ పోతే ఆ మాత్రలే కొత్త తలనొప్పిని తెచ్చిపెడతాయి.

మీ ఇంట్లో ఇరవైల్లో ఉన్నవాళ్లకు ఇలాంటి చీటీ రాసినప్పుడు దాన్ని పారేయకండి. ఇది మన కుర్రాడి కాలికి కుదిరిన చీటీ మాత్రమే, మీ నొప్పికి ఏది కుదురుతుందో మీ డాక్టరే చెప్పాలి. మీరు చేయగలిగింది ఒకటుంది: ఇంట్లో వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ సంచీలో వేసుకుని వెళ్లండి. ఏ మందు ఎందుకు రాశారో, ఎన్ని రోజులకు ఆపాలో అక్కడే అడగండి.